ముందు కథ.. తర్వాతే టికెట్టు

వీసాలు వచ్చాయి, విమానం టికెట్లు తీశారు, హోటల్ గది ఖాయమైంది. అవ్వ మందులు, పిల్లల బట్టలు సంచుల్లో సర్దేశారు. చూడబోయే థీమ్ పార్కును ఏ కథల మీద కట్టారో మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. మిగతా తయారీ అంతటికంటే ఆ కథ చెప్పుకోవడమే ముఖ్యమని చెప్పే కథనమిది.

కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని లక్కూరు నుంచి ఓ కుటుంబం ఆవని కొండకు బయల్దేరితే దారిలో ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. ముళబాగిలు దగ్గరున్న ఆ కొండ మీద వాల్మీకి ఆశ్రమం ఉండేదనీ, సీతమ్మ లవకుశులను కన్నది అక్కడేననీ ఆ ప్రాంతపు నమ్మకం. కొండెక్కే పిల్లలకు ఆ కథ అప్పటికే తెలుసు. అవ్వ చెప్పి ఉంటుంది, లేదంటే 1963లో వచ్చిన ‘లవకుశ’ సినిమాను టీవీలో చూసి ఉంటారు. అందుకే అక్కడి బండలు వాళ్లకు వట్టి బండలుగా కనిపించవు. చింతామణి వైపు కైవారం వెళ్తే, భీముడు బకాసురుణ్ని చంపిన ఏకచక్రపురం ఇదేనంటారు. కోలారును ఆనుకుని ఉన్న శతశృంగ పర్వతానికి పరశురాముడి కథ ఉంది. ఈ చోట్లన్నిటికీ మనిషికంటే ముందే కథ చేరి ఉంటుంది. మనిషి వెళ్లి, విన్నదాన్ని కళ్లారా చూసి వస్తాడు.

అవే కుటుంబాలు ఇప్పుడు ఇంకా దూరం వెళ్తున్నాయి. బెంగళూరులో విమానం ఎక్కితే నాలుగున్నర గంటల్లో సింగపూర్. అక్కడి సెంటోసా దీవిలో 2010లో జనానికి తలుపులు తెరిచిన యూనివర్సల్ స్టూడియోస్, 2005లో మొదలైన హాంకాంగ్ డిస్నీల్యాండ్ తెలుగువాళ్ల వేసవి ప్రయాణాల్లో మామూలు మజిలీలయ్యాయి. అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలకు అనహైమ్, ఒర్లాండోల్లోని డిస్నీ పార్కులు చూపించడం ఆనవాయితీగా మారింది. ఇవన్నీ మన ఇళ్లలో ఎప్పుడూ చెప్పుకోని కథల మీద కట్టిన చోట్లు. కథ తెలియకుండా అడుగుపెడితే అక్కడ మిగిలేవి రంగు గోడలు, పొడవాటి క్యూలు, కడుపులో తిప్పే బండ్లు, కొన్ని ఫొటోలు. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లేవాళ్లు ఆ కథలను బయల్దేరకముందే, ఇంటి భాషలో, ఇంటివాళ్ల నోటితో చెప్పాలి. అక్కడికి వెళ్లాక పిల్లలకే అర్థమవుతుందిలే అనుకుంటే కుదరదు.

డిస్నీ చేసిన తయారీ

ఈ మాట చాదస్తమనిపిస్తే, థీమ్ పార్కులకు పెద్దన్న లాంటి డిస్నీల్యాండ్ పుట్టిన తీరు చూడాలి. కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో ఆ పార్కు 1955 జులై 17న మొదలైంది. అంతకు దాదాపు తొమ్మిది నెలల ముందు, 1954 అక్టోబర్ 27న, ఏబీసీ టీవీలో ‘డిస్నీల్యాండ్’ అనే పేరుతోనే వారం వారం ఒక కార్యక్రమం ప్రారంభమైంది. పార్కుకు కావలసిన డబ్బులో కొంత ఆ టీవీ సంస్థ నుంచి వచ్చింది, ఒప్పందం వెనుక వ్యాపారం ఉంది. అయినా ఆ కార్యక్రమం చేసిన పని వ్యాపారంతో ఆగిపోలేదు. పార్కులో కట్టబోయే ఫాంటసీల్యాండ్, అడ్వెంచర్‌ల్యాండ్, ఫ్రాంటియర్‌ల్యాండ్, టుమారోల్యాండ్ పేర్లతోనే ఎపిసోడ్లను విభజించారు. ఆ డిసెంబరులో మొదలైన డేవీ క్రాకెట్ కథ దేశాన్ని ఊపేసింది. అడవుల్లో బతికిన ఆ వీరుడిలా తోకటోపీలు పెట్టుకుని పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. గేట్లు తెరిచేనాటికి ఫ్రాంటియర్‌ల్యాండ్ ఎవరి ప్రపంచమో అమెరికా పిల్లలకు కంఠతా వచ్చు. తన దేశపు కథలతో, తన దేశపు జనం కోసం పార్కు కట్టిన వాల్ట్ డిస్నీయే ముందుగా కుటుంబాలకు కథ చెప్పి, ఆ తర్వాతే లోపలికి పిలిచాడు.

అంత చేసినా ఒకచోట లెక్క తప్పింది. స్నోవైట్ కథతో కట్టిన రైడ్‌లో మొదట స్నోవైట్ బొమ్మనే పెట్టలేదు. బండిలో కూర్చున్నవాళ్లే స్నోవైట్, మంత్రగత్తె తరుముతున్నది వాళ్లనే అన్నది తయారుచేసినవాళ్ల ఊహ. ఆ సంగతి చాలామందికి అందలేదు. స్నోవైట్ ఎక్కడని వెతుక్కుంటూనే బయటికొచ్చారు. చివరికి 1983లో ఆ రైడ్‌ను మళ్లీ కట్టినప్పుడు ఆమె బొమ్మ పెట్టారు. మంత్రగత్తెను చూసి చిన్నపిల్లలు జడుసుకుంటున్నందున, భయపెట్టే సాహసాలు అన్న హెచ్చరికను కూడా పేరులోనే చేర్చారు. స్నోవైట్ కథ తెలియని పిల్లలు అమెరికాలో అరుదు. కథ తెలిసినవాళ్లే తమ పాత్ర ఏమిటో తెలియక తికమకపడ్డారంటే, కథే తెలియని మన అవ్వాతాతలకు, పిల్లలకు ఆ చీకటి గదుల్లో ఏం అర్థమవుతుందో ఆలోచించాలి.

ముందు చెప్పినదే పనికొస్తుంది

పార్కు చూసొచ్చాక తీరిగ్గా వివరించొచ్చుగా అని అడగవచ్చు. దీనికి జవాబు 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్షియా జాన్సన్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ఒక ప్రయోగంలో ఉంది. బట్టలు ఉతికే పద్ధతిని, బట్టలన్న మాట ఎక్కడా రాకుండా వర్ణించే ఒక పేరా తయారుచేశారు. కొందరికి విషయం ముందే చెప్పి పేరా వినిపించారు. కొందరికి విన్న తర్వాత చెప్పారు. ఇంకొందరికి అసలు చెప్పలేదు. ముందే తెలిసినవాళ్లు మిగతావాళ్లకంటే దాదాపు రెట్టింపు సంగతులు గుర్తుంచుకున్నారు. తర్వాత తెలుసుకున్నవాళ్లు అసలు తెలియనివాళ్లతో సమానంగానే మిగిలారు. మనసు ఒకదాన్ని చూస్తున్న క్షణంలోనే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తేల్చుకుంటుంది. అప్పుడు చోటు దొరకనిది జారిపోతుంది. సాయంత్రం హోటల్ గదిలో కూర్చుని ఆ ఆకుపచ్చ బొమ్మ ఎవరో తెలుసా అని ఎంత వివరించినా, పొద్దున చూసింది వెనక్కి రాదు.

రెండో పాఠం ఇంకా పాతది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల దెయ్యాల యుద్ధం కథను ఇంగ్లిష్ విద్యార్థుల చేత చదివించి, మళ్లీ మళ్లీ చెప్పించాడు. ఆ ఫలితాలను 1932లో తన పుస్తకంలో అచ్చువేశాడు. చెప్పిన కొద్దీ కథ మారుతూ వచ్చింది. ఆదివాసుల దోనెలు మామూలు పడవలయ్యాయి. సముద్రపు సీళ్ల వేట చేపల వేటగా మారింది. అర్థంకాని వింత ముక్కలు రాలిపోయాయి. కథ చదివినవాళ్ల ఊరి కథలా నునుపుదేరింది. తెలియని కథను మనసు ఉన్నదున్నట్టు పట్టుకోదు, తనకు తెలిసినదానిలోకి లాక్కుంటుంది. కథ చెప్పే పెద్దవాళ్లు ఈ సంగతిని రెండువైపులా గుర్తుంచుకోవాలి. మన కథతో ముడిపెడితేనే కొత్త కథ మనసులో నిలుస్తుంది. ముడి మరీ బిగిస్తే కొత్త కథ మాయమై మనదే మిగులుతుంది.

సింగపూర్ దాకా వెళ్లినవాళ్లకు

యూనివర్సల్ స్టూడియోస్‌లో అడుగడుగునా ఈ సమస్య ఎదురవుతుంది. ‘ఫార్ ఫార్ అవే’ అనే విభాగంలో పెద్ద కోట ఉంటుంది. అది 2001లో మొదలైన ష్రెక్ సినిమాల ప్రపంచం. ఆ సినిమాలు యూరప్ జానపద కథలకు పేరడీలు. అక్కడి పాత కథల్లో గోపురంలో బందీగా ఉన్న రాకుమారిని అందగాడైన రాకుమారుడు విడిపిస్తాడు. ఇక్కడ ఆ పని బురదలో బతికే ఆకుపచ్చ రాక్షసుడు చేస్తాడు. మూడు పందిపిల్లలు, అల్లం రొట్టె మనిషి, అబద్ధం ఆడితే ముక్కు పెరిగే పినోకియో, బూట్లు తొడుక్కున్న పిల్లి ఒకే సినిమా వరసలో కలిసి వస్తారు. అసలు కథలు తెలిస్తేనే అందులోని హాస్యం పండుతుంది. 1957 నాటి ‘మాయాబజార్’ ఎప్పుడూ చూడనివాడికి ఘటోత్కచుడి పేరడీ చూపిస్తే ఎంత నవ్వొస్తుందో, ఆ కోటలో మనవాళ్లకూ అంతే నవ్వొస్తుంది. కాబట్టి ఇక్కడ ముందుగా చెప్పాల్సింది ష్రెక్ కథ కాదు. రాకుమారి, గోపురం, డ్రాగన్ ఉన్న పాత కథ ఒకటి చెప్పి, దాన్ని తలకిందులు చేస్తే ష్రెక్ అవుతాడని చెప్పాలి.

అదే పార్కులో ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’ పేరుతో రెండు రోలర్ కోస్టర్లు పక్కపక్కన ఒకదాన్నొకటి ఢీకొట్టబోతున్నట్టు పరిగెడతాయి. ఒకటి మనుషులది, రెండోది సైలాన్లది. మొదటిదాంట్లో మామూలుగా కూర్చుంటారు, రెండోదాంట్లో కాళ్లు గాల్లో వేలాడతాయి. ఆ పేరుతో వచ్చిన అమెరికన్ సీరియల్ మన ఇళ్లలో చూసినవాళ్లు అరుదు. మనుషులు తమ చాకిరీ కోసం తయారుచేసుకున్న సైలాన్లనే యంత్రాలు మనుషుల మీదే తిరగబడటం అందులోని కథ. మన అవ్వకు ఇది కొత్త కాదు. వరమిచ్చిన శివుడి నెత్తినే చెయ్యి పెట్టబోయిన భస్మాసురుణ్ని గుర్తుచేస్తే చాలు, సగం కథ ఆమే చెబుతుంది. పిల్లలకైతే 2010లో వచ్చిన ‘రోబో’లోని చిట్టి ఉన్నాడు. అంతటితో ఆగకుండా తేడా కూడా చెప్పాలి. భస్మాసురుడు వరం అడిగి తెచ్చుకున్నాడు. సైలాన్లను పుట్టించిందే చాకిరీకి, వాటి తిరుగుబాటుకు ఒక కారణం ఉంది. ఇంత తెలిసినవాడు ఏ బండి ఎక్కాలో నిర్ణయించుకున్నప్పుడే ఒక యుద్ధంలో ఏదో ఒక పక్షం తీసుకున్నట్టు. తెలియనివాడికి అవి రంగులు వేరైన రెండు పట్టాలు మాత్రమే.

అక్కడి ‘లాస్ట్ వరల్డ్’ విభాగంలో పిల్లలకు డైనోసార్లు తెలుసు కాబట్టి ఏమీ చెప్పనక్కర్లేదనుకుంటారు. మైకేల్ క్రైటన్ 1990లో రాసిన నవలను స్టీవెన్ స్పీల్‌బర్గ్ 1993లో సినిమాగా తీశాడు. ఈ విభాగానికి ఆధారమైన ఆ ‘జురాసిక్ పార్క్’ నిజానికి ఒక థీమ్ పార్కు కథే. అంతరించిపోయిన జంతువులను డబ్బు కోసం తిరిగి పుట్టించి, వాటిని కంచెల వెనుక ఉంచగలమనుకున్న మనుషుల అహంకారం అందులోని అసలు విషయం. పడవలో తిరుగుతుంటే కంచె తెగిన చోటు ఎందుకు కనిపిస్తుందో కథ తెలిసిన పిల్లాడికి అర్థమవుతుంది. వాడికి భయం వేస్తుంది, ఆ భయానికి అర్థం ఉంటుంది. తెలియని పిల్లాడికి వేసేది వట్టి భయం, రాత్రి కలల్లోకి వచ్చే రకం.

ఎదురు ప్రశ్నలు

ఈ వాదనకు గట్టి ఎదురు సాక్ష్యం డిస్నీ పార్కుల్లోనే ఉంది. 1989లో మొదలైన ‘స్ప్లాష్ మౌంటెన్’ 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ సినిమా మీద కట్టినది. నల్లజాతివారి జీవితాన్ని చూపిన తీరుపై విమర్శల వల్ల ఆ సినిమాను అమెరికాలో ఇళ్లలో చూసే క్యాసెట్లుగా ఎన్నడూ అమ్మలేదు. దాంతో రైడ్ ఎక్కిన తర్వాతి తరాలకు ఆ కథ తెలియదు. అయినా దశాబ్దాల పాటు జనం దానికోసం బారులు తీరారు. అమెరికా పార్కుల్లో 2024లో దాన్ని టియానా అనే రాకుమారి కథతో మార్చేదాకా ఆ ఆదరణ తగ్గలేదు. కాబట్టి నీళ్లలోకి జారిపడే సరదాకు కథ అక్కర్లేదన్నది నిజం, ఒప్పుకోవాల్సిందే. ఆ సరదాయే కావాలనుకుంటే లక్కూరువాళ్లకు సింగపూర్ దాకా ప్రయాణమెందుకు? బెంగళూరు అవతల బిడదిలో 2005 నుంచి వండర్‌లా ఉంది. అక్కడా నీళ్లున్నాయి, ఎత్తు నుంచి పడటమూ ఉంది, పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరొచ్చు. సముద్రం దాటి లక్షలు ఖర్చుపెట్టేది జారిపడటానికి కాదు, ఒక కథాలోకంలో నడవడానికి. డబ్బు దానికి కడుతూ, దాన్నే తెలుసుకోకుండా వెళ్లడంలో అర్థం లేదు.

కథ ముందే చెబితే ఆశ్చర్యం చచ్చిపోతుందన్నది మరో అభ్యంతరం. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జోనథన్ లీవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ముగింపు ముందే తెలిసినవాళ్లు కథలను ఎక్కువ ఇష్టపడ్డారు. తర్వాత జరిగిన కొన్ని ప్రయోగాలు భిన్నమైన ఫలితాలూ ఇచ్చాయి కనుక దాన్నే తుది తీర్పు అనలేం. మన దగ్గర అంతకంటే పెద్ద సాక్ష్యం ఉంది. తోలుబొమ్మలాట తెర ముందు, వీధినాటకం ముందు తెల్లవార్లూ కూర్చున్న జనంలో రావణుడు చస్తాడని తెలియనివాడు ఒక్కడూ లేడు. ఏం జరుగుతుందో తెలిసే, ఎలా జరుగుతుందో చూడటానికి కూర్చున్నారు. అయినా ఒక హద్దు మంచిది. కథ చెప్పాలి, రైడ్ ఏ మలుపులో ఏం చేస్తుందో చెప్పొద్దు. ఫోన్‌లో రైడ్ వీడియోలన్నీ ముందే చూపించడం తయారీ కిందికి రాదు, తిన్న విస్తరి ముందు మళ్లీ కూర్చోబెట్టడమే అవుతుంది.

మూడో అభ్యంతరంలో బాధ ఉంది. మన కథలే పిల్లలకు రావడం లేదు, ఇక పరాయి కథలు నేర్పించడమా అని పెద్దలు అడుగుతారు. ఆ బాధ న్యాయమైనదే. కానీ కోలారు నేల ఎప్పుడూ ఒకే భాష, ఒకే కథతో బతకలేదు. కైవారం తాతయ్యగా కొలిచే యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు. ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబంలో పుట్టి కన్నడ కథకు పెద్దదిక్కై, 1983లో జ్ఞానపీఠం అందుకున్న మాస్తి వెంకటేశ అయ్యంగార్ పేరులోని మాస్తి, లక్కూరు ఉన్న మాలూరు తాలూకాలోని ఊరే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ మాట్లాడే పిల్లలకు మూడో లోకపు కథ బరువు కాదు. పైగా సైలాన్ల కథ చెప్పాలంటే భస్మాసురుణ్ని తలచుకోవాలి. గోపురంలో రాకుమారిని చెబితే ఒంటిస్తంభం మేడలో రాకుమారి గుర్తుకొస్తుంది. పరాయి కథ పేరుతో మన కథ కూడా మళ్లీ నోటికొస్తుంది.

అమ్మానాన్నలకే ఆ కథలు తెలియవు, ఎవరు చెబుతారన్నది చివరి ప్రశ్న. చాలా ఇళ్లలో వాటిని అంతో ఇంతో తెలిసినవాళ్లు పిల్లలే. ఇంగ్లిష్‌లో చూసినదాన్ని అవ్వకు తెలుగులో చెప్పే బాధ్యత వాళ్లకే ఇవ్వాలి. అవ్వ అడ్డుప్రశ్నలు వేస్తుంది. ఆ రాక్షసుడు మంచివాడైతే ఊళ్లోవాళ్లు ఎందుకు తరిమారు అంటుంది. జవాబు వెతకడానికి పిల్లాడు తెలుగు మాటలు వెతుక్కోవాలి. తెలుగు బడి లేని ఊళ్లలో ఇంతకంటే మంచి తెలుగు పాఠం దొరకదు. కథ చెప్పగలిగినవాడు దాన్ని అర్థం చేసుకున్నట్టే, విన్న అవ్వ పార్కులో ఎవరి చేతిలోనో సామాను కాకుండా చూసే మనిషి అవుతుంది.

మన నేలే పరాయి కథ అయినప్పుడు

కథ తప్పుగా తెలిస్తే ఏమవుతుందో కోలారు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2018లో, 2022లో వచ్చిన ‘కె.జి.ఎఫ్’ సినిమాల తర్వాత ఎందరో ఆ కల్పిత కథ పట్టుకునే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ చూడటానికి వస్తున్నారు. 1880లలో జాన్ టేలర్ కంపెనీ చేతుల్లో తవ్వకాలు ఊపందుకోవడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు రావడం, చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు మనుషులు దిగడం, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడి తమిళ, తెలుగు కార్మిక కుటుంబాలు వీధిన పడటం వాళ్లకు తెలియదు. సైనైడ్ దిబ్బల ముందు నిలబడి సినిమా సెట్ ఎక్కడని అడుగుతారు. ఒక చోటు అసలు కథ తెలియకుండా అక్కడికి వెళ్లడం ఎంత నష్టమో చూపించడానికి ఇంతకంటే దగ్గరి రుజువు లేదు. మన నేలకు వచ్చేవాళ్ల నుంచి ఏం ఆశిస్తామో, మనం వెళ్లే చోట మనమూ అదే చేయాలి.

బయల్దేరకముందు

ఆచరణలో ఇది పెద్ద పని కాదు. పార్కు మ్యాప్ ముందే దొరుకుతుంది. విభాగానికి ఒక్క కథ చొప్పున నాలుగైదు ఎంచుకుంటే చాలు. ఒక్కో కథలో నాలుగు సంగతులు చెప్పాలి: ఎవరి కథ, వాళ్లకు ఏం కావాలి, ఎవరు అడ్డుపడుతున్నారు, ఎక్కడ భయం వేస్తుంది. ఆ చీకటి, ఆ అరుపులు యంత్రాలతో చేసినవని చిన్నపిల్లలకు విడమరచాలి. ఎత్తు నిబంధనలను ఇంట్లోనే గోడ మీద గీతలు గీసి చూపించాలి. సింగపూర్ యూనివర్సల్ స్టూడియోస్‌లో ‘రివెంజ్ ఆఫ్ ది మమ్మీ’కి 122 సెంటీమీటర్లు, ‘బాటిల్‌స్టార్ గెలాక్టికా’కు 125 సెంటీమీటర్లు ఉండాలి, బయల్దేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోవాలి. కథంతా విని ఆశపడ్డ పిల్లాణ్ని గేటు దగ్గర వెనక్కి పంపడం కంటే, ఇంట్లోనే ఆ సంగతి చెప్పి వాడికి వేరే కథ ఎంచిపెట్టడం మేలు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్న పెద్దలకు కోస్టర్లు వద్దు. కూర్చుని చూసే ప్రదర్శనలు వాళ్ల కోసం ముందే గుర్తుపెట్టుకుని, ముఖ్యంగా ఆ కథలనే వాళ్లకు చెప్పాలి.

వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు. పార్కులో ఒక్క రైడ్ కోసం క్యూలో నిలబడే సమయంలో ఇంట్లో రెండు కథలు పూర్తవుతాయి. ఈ వేసవికి టికెట్లు తీసే ప్రతి ఇంటికీ చెప్పేది ఇదే: డబ్బు కట్టిన రోజు రాత్రే మొదటి కథ మొదలుపెట్టండి, తెలుగులో చెప్పండి, అవ్వను తప్పకుండా పక్కన కూర్చోబెట్టుకోండి.